ఆరో కావలి

జూలై 24, బుధవారం

కొమరోలు నుంచి స్టీఫెన్ ఈ రోజు కూడా వచ్చాడు. పదకొండు గంటల బస్సుకు దిగి రెండు గంటల బస్సుకు పోయాడు. ఉన్నంతసేపూ మా ఆయన మంచం పక్కనే. టీ తాగాడు, అన్నం వద్దన్నాడు. కానుక ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తీసుకునే మనిషైతే బాగుండేది. మా అన్న ఏలీయా సంఘ పెద్ద కదా, డబ్బు కోసం వస్తున్నాడని ఒక్కమాట చెప్పి రాకుండా చేయించేదాన్ని.

ఈ స్టీఫెన్ ఒకప్పుడు బైబిలు స్కూల్లో పాఠాలు చెప్పేవాడట. అడగకూడనివి అడుగుతున్నాడని పంపించేశారట. ఇప్పుడు కొమరోల్లో కుట్టుమిషను పెట్టుకున్నాడు. మొన్న ఎండాకాలం మార్కాపురం ఆసుపత్రిలో వాళ్ళ నాయనా, మా ఆయనా పక్కపక్క మంచాల మీద ఉన్నారు. అప్పటి పరిచయం.

మా అమ్మాయి ఏంజెల్ డిగ్రీ నోటుబుక్కులో సగం కాగితాలు ఖాళీగా ఉంటే ఇది మొదలుపెట్టాను. అతను చెప్పేవి రాసి ఉంచితే, ఒకరోజు మా పాస్టరు అయ్యగారికి చూపించి ఇది దుర్బోధా కాదా అని అడగవచ్చు. అందుకే రాస్తున్నాను. వేరే కారణం లేదు.

ఈ రోజు చెప్పింది: అన్నిటికన్నా ముందు ఒక లోతు ఉందట. దానికి పేరు లేదు. దానికి తోడు మౌనం. ఆ రెండూ ఆలుమగలట.

ఇంతవరకే అర్థమైంది.


జూలై 25

దగ్గు ఎక్కువగా ఉంది. గంజి రెండు గరిటెలు.


జూలై 28, ఆదివారం

ఏంజెల్‌ను వాళ్ళ నాయన దగ్గర కూర్చోబెట్టి గుడికి పోయాను. పిడికెడు బియ్యం డబ్బా తీసుకుపోయాను. రెండుపూటలా ఎసట్లోకి బియ్యం తీసేటప్పుడు ముందు ఒక పిడికెడు దేవునికని ఆ డబ్బాలో వేయడం పెళ్ళయిన నాటి నుంచి మానలేదు. మా కొడుకు చంటి పోయిన రోజు పొయ్యి వెలగలేదు. ఆ ఒక్కరోజే తప్పింది. ఆదివారం అందరం ఆ బియ్యాన్ని గుళ్ళో బుట్టలో పోస్తాం. అయ్యగారి భార్య కృపారాణమ్మగారు చెరిగి, దిక్కులేనివాళ్ళకు పంచుతారు.

ఆరాధన అయ్యాక గుడి వెనక సమాధుల తోటకు పోయాను. చంటి సమాధి పలక మీద దుమ్ము తుడిచాను. పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. ఇరవై మూడేళ్ళయింది. జ్వరం, మూడు రోజులే. ఆ పలకను ఆయనే తను పనిచేసే పలకల గనిలో ఏరి, చీల్చి, పేరు చెక్కాడు. వాడి పక్కన రెండు జాగాలు మా నాయన సంఘ పెద్దగా ఉన్నప్పుడే మాకని ఉంచాడు. ఒకటి ఆయనకు. దాని పక్కది నాకు.

ఆ ఖాళీ జాగాను చూస్తే నాకు దిగులు కాదు, నెమ్మది. ఇది పాపమేమో తెలియదు.


జూలై 31, బుధవారం

స్టీఫెన్ వచ్చాడు. ఈసారి చెప్పింది చాలావరకు మా ఆయనే. ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ, మూడు మాటలకొకసారి ఆగుతూ.

"నేను పలక చీల్చేది చూసినావు గదా. బండను నిలబెట్టి, ఉలి పెట్టి తట్టితే పొర విడిపోతది. ఆ పొరలో ఇంకో పొర. తండ్రిలో నుంచి అట్లనే వచ్చినయ్యి, జతలు జతలుగా. బుద్ధి, సత్యం. వాక్కు, జీవం. ముప్పై దాకా. అయినా తండ్రి ఏం తగ్గలా."

"పొర తీస్తే బండ తగ్గుతది గదా," అన్నాను.

ఆయన నవ్వబోయి దగ్గులో పడ్డాడు. స్టీఫెన్ అందుకున్నాడు. "అక్కా, పక్కింటి పొయ్యిలో నుంచి నిప్పు తెచ్చుకుంటే వాళ్ళ పొయ్యి ఆరిపోతదా? అట్ల."

ఆ ముప్పైలో చివరిది జ్ఞానమట. ఆడమనిషి. తన జతను వదిలి, ఒక్కతే పోయి తండ్రిని చూడాలనుకుంది. కాలు జారింది. ఆ జారడంలోనే బిడ్డను కన్నది. కళ్ళు లేని బిడ్డ. వాడు చుట్టూ తడుముకున్నాడు. చేతికి ఎవరూ తగల్లేదు. సరే, ఉన్నది నేనొక్కడినే, నేనే దేవుణ్ణి అనుకున్నాడు. ఈ లోకాన్ని కట్టింది వాడట.

"దేనితో కట్టినాడు?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"రద్దుతో," అన్నాడు ఆయన. "మన గని పక్కన దిబ్బ లేదూ, పలక్కి పనికిరాని ముక్కలు? అట్లాటి దాంతో. తల్లి భయం మట్టయింది. తల్లి ఏడుపు నీళ్ళయినయ్యి."

"అయితే మనమూ రద్దేనా?"

"ఒళ్ళు రద్దే. లోపల రవ్వ ఉంది. ఉలి మీద సుత్తి పడితే లేస్తది చూడు, అది. వానికి తెలియకుండా తల్లి పెట్టింది. అది ఇంట్లో ఉన్నట్టు గాదు, జైల్లో ఉన్నట్టు."

మా పక్కింటి నాగేంద్రమ్మ మేకలకు కొమ్మలు నరికి తెచ్చి, మోపు గడప దగ్గర దించి వింటోంది. వాళ్ళది వేరే దేవుళ్ళు. అయినా ఊరుకోదు.

"ఏందన్నా, అయితే మీ దేవుడు ఓనరు గాదా?"

"ఓనరు వేరే ఉన్నాడు నాగేంద్రమ్మా. ఈయన మేస్త్రీ."

"మన గనిలోనూ అంతే గదా! ఓనరు మొగం ఎవరు చూసినారు? కొట్టేది, తిట్టేది, నాగా వేసేది అంతా మేస్త్రీయే!"

ఆయన నవ్వాడు. నెల రోజుల తర్వాత. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి పోయి మోకరించి క్షమాపణ అడిగాను.

తల్లి ఏడుపు నీళ్ళయింది. అయ్యగారికి చూపించాలి కాబట్టి రాశాను.


ఆగస్టు 3, శనివారం

రేపు మొదటి ఆదివారం, ప్రభు బల్ల, గుళ్ళో అందరం ప్రభువు శరీరమని రొట్టె తినే రోజు. రొట్టెలు చేశాను. మా అమ్మ చేసేది, ఆమె పోయాక పద్దెనిమిదేళ్ళుగా నేను. గోధుమపిండి, నీళ్ళు, నూనె రెండు చుక్కలు. పులవనివ్వకూడదు, ఉప్పు వేయకూడదు. పెనం మీద వేసేముందు చాకు వెనక వైపుతో గళ్ళు గీస్తాను, తుంచడానికి వీలుగా. ఇంట్లో తినే రొట్టెకు ఆ గళ్ళు వేయను.

వాసన మంచం దాకా పోయింది. "రేపు నాకు తేవద్దని అయ్యగారికి చెప్పు," అన్నాడు ఆయన.

వినబడనట్టు పెనం తిప్పాను.


ఆగస్టు 4, ఆదివారం

ఆరాధన తర్వాత అయ్యగారూ మా అన్నా మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు బల్ల రొట్టె తీసుకుని వచ్చారు. ముందు మా ఇంటికే. అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె ముక్క అందించారు. ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. నోరు తెరిచాడు. అన్న సంతోషపడి పాట ఎత్తుకున్నాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక ఆయన తువ్వాలు నోటికి పెట్టుకున్నాడు. మడిచి నా చేతికిచ్చాడు.

"నీ మర్యాద పోకూడదని నోరు తెరిచినా. మింగడం నా వల్ల గాలా. చంటిని తీసకపోయినోని బల్ల మీద నేనెట్ల తింటానే?"

కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు.

తువ్వాల్లో ముక్క అట్లాగే ఉంది, గళ్ళు కూడా చెరగలేదు. పారేయలేను. ఎంగిలిదైనా ప్రభువు శరీరం. నేను తినవచ్చా? ఒకరి వంతు ఇంకొకరు తినవచ్చని ఎక్కడా వినలేదు. పూడ్చిపెడితే కోళ్ళు తవ్వుతాయి. చివరికి పిడికెడు బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. ఇంట్లో దేవునిది అనేది అదొక్కటే. రెండు రోజుల్లో ఏదైనా ఆలోచించి తీసేస్తాను.


ఆగస్టు 7, బుధవారం

ఈ రోజు స్టీఫెన్ చెప్పింది మాటకు మాట రాస్తున్నాను, అయ్యగారికి చూపించాలి.

ఊపిరి ఆగాక రవ్వ పైకి పోతుంది. దారిలో ఏడు వాకిళ్ళు. ఏడుగురు కావలివాళ్ళు. వాళ్ళు ఆ గుడ్డివాని మనుషులు. కిందికి వచ్చేటప్పుడు మనకు తగిలించినవి తిరిగి ఇమ్మంటారు. మొదటివాడు ఒళ్ళు అడుగుతాడు. రెండోవాడు ఆకలి. మూడోవాడు కోపం. నాలుగోవాడు భయం. అయిదోవాడు పేరు. ఆరోవాడు ముడి. ఈ ఆరుగురికీ ఒకటే జవాబు: నీదే, తీసుకో. ఏడోవాడు ఏమీ ఇమ్మనడు, ఎవరి బిడ్డవని అడుగుతాడు. నిన్ను కన్న తల్లికన్నా ముందున్నవాని బిడ్డను అని చెప్పాలి. దాచుకున్నా, తప్పు చెప్పినా వెనక్కి పంపుతారు. మళ్ళీ ఒళ్ళు.

స్టీఫెన్ బస్సుకు పోయాక ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఊపిరాడనప్పుడు నాకు జ్ఞాపకం ఉండదు. నువ్వు చెవిలో చెప్పాల."

"నేనా? నేనెట్ల చెప్తాను అట్లాటివి?"

"ఇంకెవురు చెప్తారే?"

"చూద్దాంలే."

"చూద్దాం గాదు. చెప్తానను."

"చెప్తాను."

కాసేపయ్యాక అడిగాను. "ఆరోవాడు అడిగే ముడి ఏంది?"

ఆయన పైకప్పు రేకుల వైపు చూశాడు. "నువ్వు. ఏంజెలు."

"నన్ను కూడా తీసుకో అని ఇచ్చేస్తావా వానికి?"

"ఇయ్యకపోతే వాడు వదలడు."

లేచి పోయి గంజి కలిపాను. అయిదుగురి దాకా సులభంగా గుర్తుంటుంది. ఒళ్ళు, ఆకలి, కోపం, భయం, పేరు. కంఠతా పెట్టలేదు, దానంతట అదే వచ్చింది.


ఆగస్టు 13, మంగళవారం

శుక్రవారం ఆయన పెదవులు నల్లబడితే ఆటోలో మార్కాపురం తీసుకుపోయాం. నాలుగు రాత్రులు ఆసుపత్రి వరండాలో. డాక్టరు ఫోటో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడే, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆటోలో ఆయన నా భుజం మీద తల పెట్టి, "గనిలో నుంచి నేను బయటికొచ్చినా. గని నాలో నుంచి రాలా," అన్నాడు.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, పిడికెడు తీసి డబ్బా మూత తెరిచాను. ఖాళీ. కడిగి బోర్లించినట్టు ఉంది.

"ఆదివారం గుళ్ళో పోసొచ్చినా మా," అంది ఏంజెల్. బట్టల దుకాణంలో పనికి పోవడానికి జడ వేసుకుంటోంది. "నువ్వు లేవని తప్పకూడదు గదా."

"అడుగున..."

"అడుగున కూడా ఒక్క గింజ లేకుండా బోర్లించినా. చూడు."

మంచి పని చేశావన్నాను.


ఆగస్టు 14, బుధవారం

ఆసుపత్రి నుంచి వచ్చి కుదుటపడనీయండని ఫోన్ చేయిస్తే ఈ వారం స్టీఫెన్ రాలేదు. కృపారాణమ్మగారు వచ్చారు. ఒక్కరే వచ్చారు, అదీ ఆమె మంచితనం. చీర కొంగు ముడి విప్పి, రుమాలు విప్పి, ఎండిన ముక్కను మంచం అంచున పెట్టారు.

"బియ్యం చెరుగుతుంటే చేటలోకి వచ్చింది లీదియా. ఈ గళ్ళు నీ చేతివే గదా."

"నా చేతివే అమ్మగారూ."

"బల్ల రొట్టె బియ్యంలోకి ఎట్ల వచ్చింది?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. నేనే, వాంతి వచ్చి, అని మొదలుపెట్టాను. నా యాభై ఏళ్ళ బతుకులో అమ్మగారితో నేను ఆడబోయిన మొదటి అబద్ధం. ఆయన పూర్తికానివ్వలేదు.

"అది నాది అమ్మగారూ. నేనే ఉమ్మినా. ఆమెకు పారేయడానికి చేతులు రాలా."

ఆమె ఆ ముక్కను మళ్ళీ రుమాల్లో చుట్టుకుని, నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసి పోయారు. ప్రార్థనలో ఆయన పేరు రెండుసార్లు పలికారు. నా పేరు పలకలేదు.


ఆగస్టు 16, శుక్రవారం

అన్న వచ్చాడు. చెప్పులు విడవకుండానే గడపలో నిలబడ్డాడు, ఎప్పుడూ అట్లా చేయడు.

"బావా, ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చుని తాళం కొట్టినావు. ఇప్పుడు దేవుడు దొంగంటావా?"

"దొంగ అన్లే బావా. గుడ్డోడు అన్నా."

"అది ఇంకా మేలా?"

"మేలే." ఆయన గొట్టం తీసి చేతిలో పట్టుకున్నాడు, మాట స్పష్టంగా రావాలని. "ఇరవై మూడేళ్ళ నించి అడుగుతున్నా, పిల్లోన్ని ఎందుకు తీసకపోయినావని. పాట పాడేటప్పుడు కూడా లోపల అదే అడిగినా. ఒక్కసారి జవాబు రాలా. చూసి చేసినోడైతే నేనెట్ల క్షమించేది? గుడ్డోడైతే, పాపం తెలియక చేసినాడని వదిలేయొచ్చు."

అన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. చంటిని పెట్టెలో పెట్టి మోసింది అన్నే. నేను గొట్టం మళ్ళీ ఆయన ముక్కుకు పెట్టాను.

పోయేముందు అన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. ఈ సంగతి తేలేదాకా బల్ల రొట్టె నేను చేయకూడదని సంఘం నిర్ణయించింది. గురువారం అయ్యగారూ, తనూ, ఇంకొక పెద్దా వస్తారు. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. నోటితో చెప్పలేకపోతే తల ఊపినా చాలు.

"ఊపకపోతే?"

"సమాధుల తోటలో జాగా ఇయ్యరమ్మా."

"చంటి పక్కన జాగా మన నాయన ఇచ్చినాడు గదా అన్నా."

"నాయన ఇచ్చినాడు. నా చేతుల్లో లేదు. ఊపించు. ఎట్లనో ఒకట్ల నువ్వే ఊపించు."

తోటలో కాకపోతే ఎక్కడన్నది నేను అడగలేదు. అడగనవసరం లేదు. పంచాయతీ స్థలం ఒక్కటే ఉంది, రద్దు దిబ్బ వెనక.


ఆగస్టు 17

బతిమాలాను. సిగ్గు విడిచి కాళ్ళు పట్టుకున్నాను.

"తల ఊపితే ఏం పోతది? లోపల నువ్వు ఏదనుకుంటే అదనుకో."

"కావలోడు లోపల చూడడు. జవాబే చూస్తాడు. తప్పు చెప్తే వెనక్కే. మళ్ళా ఒళ్ళు, మళ్ళా గని."

"మళ్ళా నేనూ ఉంటాను గదా."

ఆయన కళ్ళు తడిశాయి. "అందుకే గదే, ఆరోవాడంటే నాకు భయం," అన్నాడు.


ఆగస్టు 18, ఆదివారం

గుడికి పోలేదు. పిడికెడు ఏంజెల్‌తో పంపాను.


ఆగస్టు 19

రద్దు దిబ్బ వెనక ముళ్ళకంప తప్ప ఏమీ లేదు. పందులు తిరుగుతాయి. ఈ రోజు చింతపండు కోసం అంగడికి పోయినట్టు పోయి చూసి వచ్చాను.


ఆగస్టు 20

చంటి ఒక్కడే అక్కడ, ఆయన ఒక్కడే ఇక్కడ, నేనెక్కడ.


ఆగస్టు 22, గురువారం

వచ్చారు. అయ్యగారు, అన్న, ఇంకొక పెద్ద. ఏంజెల్ కుర్చీలు వేసింది.

ఆయనకు ఇప్పుడు పడుకుంటే ఊపిరాడదు. వెనక నేను కూర్చుని, నా రొమ్ముకు ఆనించుకుని, మెడ నిలవదు కాబట్టి తల కింద అరచేయి పెట్టి పట్టుకున్నాను. అయ్యగారు మెత్తగా అడిగారు. "ఎజ్రా, ఆకాశాన్నీ భూమినీ చేసిన దేవుడే మన తండ్రి అని నమ్ముతున్నావా? నమ్మితే తల ఊపు."

ఆక్సిజన్ మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆయన తల ఊపాడు.

అయ్యగారు స్తోత్రం అన్నారు. అన్న ఏడ్చాడు. జాగా గురించి ఇక దిగులు పడవద్దన్నాడు. వచ్చే నెల బల్లకు రొట్టె నేనే చేయాలన్నారు.

ఆయన తల ఊపాడు. అందరూ చూశారు.


ఆగస్టు 23

ఆయన తల ఊపాడు. అన్న ఎదురుగా కూర్చుని చూశాడు.

నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. గంజి ఇస్తే పెదవులు తెరవలేదు. ఏంజెల్ ఇస్తే రెండు చెంచాలు తాగాడు.


ఆగస్టు 24

నా చేయి మెడ కింద ఉంది. అంతసేపు పట్టుకుంటే ఎవరి చేయికైనా తిమ్మిరెక్కుతుంది. తల బరువుకు కొంచెం వాలి ఉండవచ్చు.

ఆయన అటు తిరిగి పడుకోలేడు కాబట్టి కళ్ళు మూసుకుంటున్నాడు.


ఆగస్టు 27, మంగళవారం

ఆదివారం మధ్యాహ్నం పోయాడు. సోమవారం చంటి పక్కన పెట్టాం.

ఆ ఆదివారం ఆరాధన అయిపోగానే అందరూ మా ఇంటికే వచ్చారు. అయ్యగారు ఒక చెవి వైపు వాక్యం చదువుతున్నారు. ఆడవాళ్ళు పాడుతున్నారు. ఆయన ఊపిరి ఆగి ఆగి వస్తోంది. నేను రెండో చెవి వైపు వంగాను. ఒళ్ళు, నీదే, తీసుకో. ప్రార్థన చేసుకుంటున్నానని అందరూ అనుకున్నారు. ఆకలి, నీదే, తీసుకో. ఆయన కళ్ళు తెరిచాడు. మూడు రోజుల తర్వాత నన్ను చూశాడు. కోపం, నీదే, తీసుకో. భయం, నీదే, తీసుకో. ఆయన వేళ్ళు నా మణికట్టు మీద. పేరు, నీదే, తీసుకో.

ఆరోది నోట్లోకి రాలేదు.

మరిచిపోలేదు. నాకు అది తెలుసు. నాలుక మీదే ఉంది. ఆయన నా పెదవుల వైపే చూస్తూ ఎదురుచూశాడు. నేను ఆయన పేరు పిలిచాను. మళ్ళీ పిలిచాను. అప్పుడే ఇచ్చేసిన పేరును వెనక్కి లాక్కున్నట్టు మళ్ళీ మళ్ళీ పిలిచాను. అన్న నా భుజాలు పట్టుకుని లేపేసరికి అయిపోయింది.


ఆగస్టు 28, బుధవారం

స్టీఫెన్ పదకొండు గంటల బస్సుకు దిగాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఖాళీ మంచం చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. అక్కడి నుంచే అడిగాడు.

"చివర్లో చెవిలో చెప్పినారా అక్కా?"

"చెప్పినా."

"ఏడూ?"

"ఏడూ."

"అయితే దాటినాడు," అని రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. టీ ఇచ్చాను. బస్సుకు ఇంకా టైముంది, అన్నం తినమంటే ఈసారి తిన్నాడు.


ఆగస్టు 31, శనివారం

తల ఊపింది నా చేయి.

తిమ్మిరి కాదు. బరువు కాదు. అయ్యగారు అడిగి ఆగినప్పుడు ఆయన మెడ గట్టిపడింది. కాదని చెప్పబోతోందని నా అరచేతికి తెలిసింది. నేను వేళ్ళు బిగించి ముందుకు వంచాను. రెండుసార్లు. మూడోసారి కూడా వంచాను, ఎదురుగా ఉన్నవాళ్ళకు బాగా కనబడాలని. ఆ జుట్టు నా వేళ్ళ మధ్య ఎట్లా ఉందో ఇప్పటికీ తెలుస్తోంది.

ఈ పుస్తకం అయ్యగారికి చూపించను.

పొద్దున సమాధుల తోటకు పోయాను. మన్ను ఇంకా కుంగలేదు. పలక పెట్టలేదు, చెక్కే మనిషి లేడు. గుడ్డివాడు కట్టిన జైల్లో ఏడుగురు కావలివాళ్ళని ఆయన అనేవాడు. నేను నమ్మను. నా దేవుడు నాకు ఉన్నాడు. కానీ ఆయన నమ్మాడు, ఆయన వాకిలి దగ్గర నిలబడి దారివ్వకుండా పట్టుకుంది నేను. ఆ గురువారమూ నేనే, ఆ ఆదివారమూ నేనే.

కూర్చుని, మన్ను మీద చేయి పెట్టి, పైకే చెప్పాను. "ముడి. నీదే. తీసుకో."

కొంచెమైనా తేలిక అవుతుందనుకున్నాను. కాలేదు.

ఏడోవానికి ఇవ్వాల్సిన జవాబు చెప్పలేదు. అది నేను చెప్పకూడదు. ఆయనకూ అక్కర్లేదు, ఆ ఒక్కటి ఎవరూ అందించకపోయినా ఆయనకు వచ్చు.

గోడవతల మేకలు తోలుకుపోతూ నాగేంద్రమ్మ ఆగింది. "ఎవురితో మాట్లాడతన్నావక్కా?"

"మీ అన్నతో."

"ఏమంటాడు?"

"ఏమీ అనడంలా. ఇంకా అలిగే ఉన్నాడు."

"అలగనీలే," అంది. "మొగోళ్ళు ఎంతసేపు అలుగుతారు. నువ్వు పో, ఎండెక్కుతుంది." పోతూపోతూ గోడ మీదకు ఎక్కబోయిన మేకను చంటి వైపు రాకుండా కొట్టింది.

రేపు బల్ల. మధ్యాహ్నం పిండి తీశాను. ముందు పిడికెడు బియ్యం డబ్బాలో వేశాను, ఈ రోజు అన్నం వండకపోయినా. నీళ్ళు పోసి కలపడం మొదలుపెట్టాను. ఈ పిండిలో ఉప్పు పడకూడదు, కంటి ఉప్పయినా. అందుకని ముఖం పక్కకు తిప్పుకుని, చూడకుండా, చేతులతో తడుముకుంటూ కలిపాను.